ఫైబర్ గేటు దాకా వచ్చింది, హాస్టల్ రూముకు ఎప్పుడొస్తది?

మొన్న ఒక యూనివర్సిటీకి పోయిన. పేరు చెప్తలేను. చెప్పినా చెప్పకున్నా ముచ్చట మారదు. విద్యార్థి సంఘం పిల్లలు మీటింగ్ పెడితే మాట్లాడనీకి పోయిన. మీటింగ్ అయినంక రాత్రి ఎనిమిదిన్నరకు హాస్టల్ దిక్కు నడుస్తుంటే, పరిపాలన బిల్డింగ్ మెట్ల మీద పది పదిహేను మంది కూసోని కనిపించిండ్రు. ముందు ధర్నానేమో అనుకున్న. కాదు. "అన్నా, ఈడ వైఫై దొరుకుతది. హాస్టల్ల రాదు" అన్నడు ఒక తమ్ముడు. పెద్దసార్ల ఆఫీసు కోసం పెట్టిన వైఫై డబ్బా నుంచి గోడ దాటి వచ్చేంత సిగ్నల్ కోసం వాళ్లు దోమలల్ల కూసున్నరు. ఒక చెల్లె ఒళ్లె పాత ల్యాప్‌టాప్ పెట్టుకోని స్కాలర్‌షిప్ ఫారం ఎక్కిస్తున్నది. సగం ఎక్కుతది, ఆగుతది. మళ్లీ మొదటికెల్లి.

అక్కడికి వంద గజాల దూరంల కంప్యూటర్ ల్యాబ్ ఉన్నది. దానికి తాళం ఉన్నది. సాయంత్రం నాలుగున్నరకే బందు పెడ్తరట. పొద్దంత క్లాసులు, నాలుగున్నరకు ల్యాబ్ బందు. మరి పిల్లలు ఎప్పుడు వాడాలె? కిటికీల నుంచి టార్చి కొట్టి చూసిన. వరుసగ కంప్యూటర్లు, మీద దుమ్ము పట్టకుంట కవర్లు. కొన్న దినం కప్పిన కవర్లు తీసినట్టు కూడ లేదు.

ఇదేం పెద్ద ముచ్చట, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, మెస్‌ల అన్నం బాగలేదు, లెక్చరర్లు లేరు, అవన్ని ఇడిసిపెట్టి వైఫై గురించి రాస్తవా అని మీరు అడగొచ్చు. నేను కూడ ఇన్నేండ్లు అట్లనే అనుకున్న. మేము రాసిన ఏ వినతిపత్రంల కూడ ల్యాబ్ టైము, హాస్టల్ నెట్టు అనే మాట పైన లేదు. ఉంటే పదో నంబర్ల, పన్నెండో నంబర్ల ఉన్నది. అది మా తప్పు. ఎందుకు తప్పో చెప్తా.

ఫోన్ ఉన్నది గద?

"ఇయ్యాల రేపు అందరి చేతుల ఫోన్ ఉన్నది, ఇంక కంప్యూటర్ ఎందుకు" అనేటోళ్లు మస్తు మంది ఉన్నరు. అధికారులు అంటరు, నాయకులు అంటరు, మన ఇంట్ల పెద్దోళ్లు కూడ అంటరు. వాళ్లందరికి ఒక్కటే మాట. కొలువు పరీక్ష ఫోన్ల పెడ్తున్నరా?

చూడుండ్రి. తెలంగాణల ఇంజినీరింగ్ ఎంట్రన్స్ 2018 నుంచి కంప్యూటర్ మీదనే. యూజీసీ నెట్ 2018 డిసెంబర్ నుంచి కంప్యూటర్ మీదికి పోయింది. పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్ కంప్యూటర్ మీదనే. 11,062 టీచర్ పోస్టుల డీఎస్సీ 2024 జులై, ఆగస్టు నెలలల్ల కంప్యూటర్ మీదనే అయింది. పెన్ను, ఓఎంఆర్ షీటు పట్టుకోని పెరిగినోళ్లు ఒక్కసారిగ మౌస్ పట్టుకోవాల్సొచ్చింది. ప్రశ్న తెల్వక మార్కు పోతే అది వేరే లెక్క. మౌస్ తిప్పనీకి చెయ్యి వణికి, పైకి కిందికి జరుపుకుంట టైం పోయి మార్కు పోతే దానికి ఎవరు బాధ్యులు?

కేంద్ర సర్కార్ గణాంక శాఖ 2017-18ల చేసిన 75వ రౌండ్ సర్వే ఒకటున్నది. దాని లెక్కల, పల్లెటూళ్లల్ల నూటికి 4.4 ఇండ్లల్లనే కంప్యూటర్ ఉన్నది. పట్నాలల్ల 23.4. ఇంటర్‌నెట్ సౌలతు పల్లెల్లల్ల 14.9, పట్నాలల్ల 42. ఆ తర్వాత ఫోన్లు బాగ పెరిగినయ్, నెట్టు పెరిగింది, నిజమే. గని మన ఊళ్లె ఇంటింటికి తిరిగి చూడుండ్రి, డెస్క్‌టాప్ ఎన్ని ఇండ్లల్ల ఉన్నది? టీవీ ఉంటది, బండి ఉంటది, ఫోన్లు నాలుగుంటయ్. కంప్యూటర్ ఉండదు.

అంటే ఊరి నుంచి వచ్చిన పిల్లగానికి జీవితంల మొదటిసారి తీరుబాటుగ కంప్యూటర్ ముందట కూసునే జాగ ఏది? కాలేజీ ల్యాబ్, యూనివర్సిటీ ల్యాబ్. పట్నపోళ్ల పిల్లలకు ల్యాబ్ బందున్నా ఇంట్ల కంప్యూటర్ ఉంటది. మనోళ్లకు ల్యాబే ఇల్లు. దానికి తాళం ఏస్తే పట్నం పిల్లగానికి ఏం కాదు, పల్లె పిల్లగానికి దారి బందయితది. అందరికి ఒక్కటే రూలు లెక్క కనిపిస్తది గని దెబ్బ ఒక్కరికే తాకుతది.

నేను కంప్యూటర్ నేర్చుకున్నది ఏ క్యాంపస్‌ల కాదు. ఇరవై ఏండ్ల కిందట ఇంటర్‌నెట్ సెంటర్ల గంట లెక్కన పైసలు కట్టి, పక్కన కూసున్నోన్ని చూసి నేర్చుకున్న. తెలుగు టైపు ఏండ్లు పట్టింది. ఇప్పుడు ఆ సెంటర్లు కూడ పోయినయ్. ఉన్నయి మీసేవలు, జిరాక్స్ షాపులు. ఆడ మనం కంప్యూటర్ ముట్టుకోం. అటుదిక్కు కూసున్నాయన నొక్కుతడు, మనం ఇటుదిక్కు నిలబడి పైసలిస్తం. ఫారం నింపినందుకు యాభై, సరిచేసినందుకు ఇంకో యాభై. తెలుగుల పీహెచ్‌డీ చేసే పరిశోధకులు కూడ థీసిస్‌ను డీటీపీ షాపుల పేజీకింత అని ఇచ్చి కొట్టిస్తున్నరు. ఆడ అను ఫాంట్ల కొడ్తరు. తర్వాత యూనికోడ్ కావాలంటే మళ్లీ పైసలు. ల్యాబ్‌ల తెలుగు కీబోర్డు నెలరోజులు నేర్పితే ఈ ఖర్చు ఉండదు.

ఫైబర్ ఏడిదాకా వచ్చింది?

ఈ దేశంల ఇంటర్‌నెట్ ముందు వచ్చిందే చదువుల కోసం. 1986ల ఎర్నెట్ అని మొదలుపెట్టిండ్రు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి సంస్థలను కలపనీకి. మామూలు జనానికి ఇంటర్‌నెట్ అమ్ముడు మొదలైంది 1995 ఆగస్టు 15న. అంటే జనం కంటే ముందే క్యాంపస్‌లకు నెట్టు తెలుసు. గని ఏ క్యాంపస్‌లకు? పెద్ద పెద్దయాటికి.

2009ల కేంద్రం ఐసీటీ ద్వారా విద్య అని జాతీయ మిషన్ తెచ్చింది. దేశంల ఉన్న యూనివర్సిటీలకు 1 జీబీపీఎస్ లైను ఇస్తమన్నది. ఆ ఏడు ఫిబ్రవరిల మన తిరుపతిల ఆర్భాటంగ ఒక వస్తువు కూడ చూపించిండ్రు. పది డాలర్ల ల్యాప్‌టాప్ అని దేశమంత ప్రచారం అయింది. తీరా చూస్తే అది ల్యాప్‌టాప్ కాదు, పాఠాలు దాసుకునే డబ్బా. తర్వాత 2011 అక్టోబర్ల ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది, ధర 2,276 రూపాయలు అన్నరు. అది కూడ కొన్నొద్దులే మాట్లాడుకున్నం. చవక డబ్బా ఒకటి చేతుల పెడితే చదువు మారుతదనే ఆశ మన సర్కార్లకు ఎప్పుడూ ఉంటది. ఫోటో బాగ వస్తది గదా. ల్యాబ్‌ను రోజూ తెరిచి పెట్టే పనికి ఫోటో రాదు.

2010ల ఇంకో పెద్ద పని జరిగింది. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు కేంద్ర క్యాబినెట్ 5,990 కోట్ల రూపాయలు ఒప్పుకున్నది. పదేండ్ల లెక్క. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, 1,500 దాకా సంస్థలను వేగంగ పోయే ఫైబర్‌తోని కలుపుడు దాని పని. ఇది ఉత్త మాట కాదు, పని అయింది. ఫైబర్ వచ్చింది. గని అది వచ్చి ఆగేది క్యాంపస్‌ల ఒక్క రూంల. ఆ రూం నుంచి డిపార్ట్‌మెంటుకు, లైబ్రరీకి, హాస్టల్‌కు తీసుకపోవాల్సింది యూనివర్సిటీ.

ఆడ్నే కథ ఆగింది. జర లెక్క చేద్దాం. 1 జీబీపీఎస్ అంటే 1,000 ఎంబీపీఎస్. రెండు వేల మంది ఒక్కసారి వాడితే ఒక్కొక్కరికి అర ఎంబీపీఎస్ వస్తది. అది కూడ మొత్తం లైను పిల్లలకే ఇస్తే. కాలువ పెద్దగున్నా తూము చిన్నగుంటే పొలానికి వచ్చేది తూమంత నీళ్లే. క్యాంపస్‌ల తూము అంటే స్విచ్. హాస్టల్‌కు పోయే దారిల ఎప్పటిదో 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒక్కటుంటే, బయట ఎంత ఫైబర్ ఉన్నా హాస్టల్ మొత్తానికి 100 దాటదు. నాలుగు వందల మంది ఉంటే తలా పావు ఎంబీపీఎస్. వీడియో పాఠం చూడనీకి అది సాలదు.

ఇంకోటి. మామూలు ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకనే సక్కగ పనిచేస్తది. మన క్యాంపస్‌లు ఎకరాల ఎకరాలు. హాస్టల్ కిలోమీటర్ దూరంల ఉంటది. అంత దూరం ఫైబర్ ఏసి, ఆ కొసకు ఈ కొసకు పెట్టెలు పెట్టి, కరెంటు పోతే నడువనీకి బ్యాటరీ పెట్టాలె. వైఫై డబ్బా వరండాకు ఒకటి పెడితే గోడల అవతల రూములకు అందదు. ముప్పై నలభై మందికి ఒక్కటి అన్న లెక్కన పెట్టాలె. ఇవన్ని తెలిసిన పనులే. పట్నంల ప్రతి కార్పొరేట్ ఆఫీసుల చేస్తున్నరు.

కొననీకి పైసలుంటయ్, కాపాడనీకి ఉండయ్

నేను రెండు మూడు క్యాంపస్‌లల్ల సిబ్బందితోని మాట్లాడిన. వాళ్లు చెప్పింది ఇంచుమించు ఒక్కటే. ఏదో పథకం కింద ఒక్కసారి పైసలొస్తయ్. మార్చి లోపల ఖర్చు పెట్టాలె. వంద కంప్యూటర్లు కొంటరు. మూడేండ్ల వారంటీ అయిపోతది. నాలుగో ఏడు యూపీఎస్ బ్యాటరీలు పోతయ్. బ్యాటరీ కొత్తది కొనాలంటే ఫైలు కదలాలె. ఫైలు కదిలేలోపు ఇంకో సగం కంప్యూటర్లు మూలకు పడ్తయ్. అందుల ఒకదాని ర్యాము తీసి ఇంకోదానికి పెట్టి నడిపిస్తరు. రిపేరు చేసే పిల్లగాడు ఔట్‌సోర్సింగ్. జీతం నెలనెలా రాదు. ఆయన ఇంకో కొలువు దొరికితే పోతడు. పోతే పాస్‌వర్డులు కూడ ఆయనతోనే పోతయ్.

సర్కార్ యూనివర్సిటీలకు ఇచ్చే గ్రాంటు ఎక్కువగ జీతాలకు, పెన్షన్లకే పోతది. పాలమూరు, శాతవాహన లాంటి కొత్త యూనివర్సిటీలు 2008ల పుట్టినయ్. వాటికి 1918ల పుట్టిన ఉస్మానియాకున్నంత బలగం యాడికెల్లి వస్తది? కాబట్టి మొత్తం తప్పు ఒక రిజిస్ట్రార్ మీదనో, ఒక ల్యాబ్ అసిస్టెంటు మీదనో ఏసి చేతులు దులుపుకునుడు న్యాయం కాదు. సాయంత్రం ల్యాబ్ తెరవాలంటే రెండో షిఫ్టుకు ఇంకో మనిషి కావాలె. ఆ మనిషికి జీతం కావాలె. గా పోస్టు ఇయ్యకుంట, ల్యాబ్ ఎందుకు మూసినవని ఆయన్ని అడిగితే ఆయనేం చేస్తడు?

గని ఒక్క ముచ్చట మాత్రం నేను కండ్లార చూసిన. న్యాక్ కమిటీ వస్తున్నదంటే వారం రోజులల్ల ల్యాబ్‌లు తెరుచుకుంటయ్. సున్నం ఏస్తరు, ఏసీలు నడుస్తయ్, లాగిన్ బోర్డులు లేస్తయ్, పిల్లలను పిలిచి కుర్చీలల్ల కూసోబెడ్తరు. కమిటీ పోయినంక మళ్లీ తాళం. వారం రోజులు నడపగలిగినోళ్లు ఏడాదంత ఎందుకు నడపలేరు? ఆ వారం ఎవరికి భయపడ్డరో చూస్తే జవాబు దొరుకుతది. బయటి నుంచి చూసేటోళ్లకు భయపడ్తరు, లోపల వాడేటోళ్లకు భయపడరు.

ఇప్పుడు కొత్త తిప్పలొకటి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు బందు పెట్టింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ఇది సాకుగ చూపి ఉన్నయాటిని తుక్కు కింద పడేసే ప్రమాదం ఉన్నది. పడెయ్యాల్సిన పని లేదు. ఫ్రీగ దొరికే లినక్స్ ఎక్కిస్తే అవి ఇంకో నాలుగైదేండ్లు నడుస్తయ్. కేరళ సర్కార్ బడులల్ల ఏండ్ల నుంచి ఫ్రీ సాఫ్ట్‌వేరే నడుస్తున్నది. మన దగ్గర హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ తెలుగుల ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది, బస్తీలల్ల పిల్లలకు కంప్యూటర్ సెంటర్లు నడిపింది. పని తెలిసిన మనుషులున్నరు. పిలిచేటోళ్లే లేరు.

బాసర చెప్పే పాఠం

మనకు ఇది చేతగాదా అంటే, చేసి చూపిన చరిత్ర మన దగ్గరనే ఉన్నది. 2008ల రాజీవ్ గాంధీ వైజ్ఞానిక విశ్వవిద్యాలయం పెట్టిండ్రు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ. మనం ట్రిపుల్ ఐటీ అంటం. పదో తరగతి అయిన ఊరి పిల్లలను, సర్కారు బడుల పిల్లలను తీసుకున్నరు. దాని మొదటి చాన్స్‌లర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా ఊళ్లె పుట్టి, 1994ల కంప్యూటర్ రంగంల అన్నిటికంటే పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ఆ చదువుల పద్ధతి ఏంది? ప్రతి పిల్లగానికి ఒక ల్యాప్‌టాప్. పాఠాలు క్యాంపస్ నెట్‌వర్క్ మీద. అంటే అక్కడ నెట్టు సౌలతు కాదు, బడి గోడలెక్క. అది లేకుంటే బడే లేదు. జీవితంల కంప్యూటర్ ముట్టనోళ్లు ఆడ చదివి సాఫ్ట్‌వేర్ కొలువులల్ల చేరిండ్రు, పెద్ద చదువులకు పోయిండ్రు. మీ మండలంల కూడ ఒక్కరన్న ఉండే ఉంటరు, అడగుండ్రి.

మరి ఏమాయె? 2022 జూన్ల బాసర పిల్లలు వానల తడుసుకుంట, గొడుగులు పట్టుకోని రోజుల తరబడి గేటు కాడ కూసున్నరు. పన్నెండు డిమాండ్లు. పర్మనెంటు వీసీ కావాలె, టీచర్లు కావాలె, పరుపులు కావాలె, యూనిఫాంలు కావాలె. వాటితోని పాటు ల్యాప్‌టాప్‌లు కావాలె. ల్యాప్‌టాప్ మీదనే చదువు చెప్తమని పెట్టిన యూనివర్సిటీల ల్యాప్‌టాప్ కోసం ధర్నా! విద్యాశాఖ మంత్రి రాత్రిపూట ఆడికి పోయి మాట్లాడినంకనే వాళ్లు లేసిండ్రు. బాసర నుంచి నేను నేర్చుకున్నది రెండు ముచ్చట్లు. ఒకటి, తలుచుకుంటే పల్లె పిల్లల కోసం ఇది చెయ్యొచ్చు. రెండు, ఒక్కసారి చేసి ఇడిసిపెడితే నిలబడదు, వెనక పడి అడిగేటోళ్లు ఉండాలె.

లైబ్రరీ తాళం చెవి ఎవరి దగ్గర?

కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమలు. మూడేండ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల పరిశోధన పత్రికలు, 6,300 సర్కారు సంస్థలు, 1 కోటి 80 లక్షల మంది విద్యార్థులు, టీచర్లు, పరిశోధకులు. వినసొంపుగ ఉన్నది. ఇయన్ని ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్ లాంటి విదేశీ కంపెనీలకు పోయే పైసలు అనే విమర్శ కూడ ఉన్నది. అది ఇంకోరోజు మాట్లాడుకుందాం. పైసలైతే కట్టిండ్రు. మరి మనకు అందుతున్నదా?

ఈ పత్రికలు తెరుచుకునే పద్ధతి తెలుసుకోవాలె. యూనివర్సిటీ నెట్టుకు ఒక ఐపీ నంబర్ ఉంటది. ఆ నంబర్ నుంచి అడిగితే కంపెనీ వెబ్‌సైటు తలుపు తీస్తది. అదే వ్యాసాన్ని హాస్టల్ల మీ ఫోన్ డేటాతోని తెరిస్తే ముప్పై డాలర్లు, నలభై డాలర్లు కట్టమంటది. అంటే క్యాంపస్ వైఫై హాస్టల్‌కు రాకుంటే, సర్కార్ మీ పేరు మీద కట్టిన పైసలు మీకు పనికిరానట్టే. మెట్ల మీద కూసున్న పదిహేను మందికే ఆ ఆరువేల కోట్ల లైబ్రరీ.

దీనికి కూడ మందున్నది. గాంధీనగర్ల ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతి పెట్టింది. యూనివర్సిటీ దాంట్ల చేరి, పిల్లలకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే ఇంటి నుంచి, పొలం గట్టు మీది నుంచి కూడ చదువుకోవచ్చు. లైబ్రేరియన్‌ను అడగుండ్రి, "సార్, మాకు ఇన్‌ఫెడ్ లాగిన్ ఇస్తరా?" అని. ఒక్కడు అడిగితే చూద్దాం అంటరు. యాభై మంది సంతకాలు పెట్టి అడిగితే చేస్తరు. ఇగ ప్రైవేటు డిగ్రీ కాలేజీలల్ల చదివేటోళ్లను ఈ పథకం ఇంకా కలుపుకోలేదు. మన ఊరి పిల్లలు ఎక్కువ మంది చదివేది ఆడ్నే. ఇది మనం గట్టిగ అడగాల్సిన ముచ్చట. అప్పటిదాకా ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పీహెచ్‌డీ గ్రంథాలుండే శోధ్‌గంగ, స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరైనా ఫ్రీగ చూడొచ్చు.

ఆడపిల్లల టైము, స్విచ్ మీద చెయ్యి

ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా తెరిచినా అది అందరికి తెరిచినట్టు కాదు. ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరుకో ఏడుకో పడ్తది. వాళ్లకు హాస్టల్ లోపలనే ల్యాబ్ ఉండాలె, లేదంటే లోపలికి నెట్టన్న రావాలె. 2019ల కేరళల ఒక డిగ్రీ అమ్మాయి దీని మీద కోర్టుకు పోయింది. సాయంత్రం పూట హాస్టల్ల ఫోన్ వాడొద్దని రూలు పెడితే ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి ఎల్లగొట్టిండ్రు. ఆ ఏడు సెప్టెంబర్ల కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇంటర్‌నెట్ అందుబాటుల ఉండుడు చదువు హక్కుల భాగం, ఆంతరంగికత హక్కుల భాగం అన్నది. అమ్మాయిని తిరిగి హాస్టల్ల చేర్చుకోమన్నది. ఈ తీర్పు మన క్యాంపస్ నోటీసు బోర్డుల మీద అతికియ్యాలె.

స్విచ్ ఎవరి చేతుల ఉంటే మాట వాళ్ల చేతుల ఉంటది, ఇది కూడ మర్చిపోవద్దు. 2016 మార్చిల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల గొడవ జరిగినప్పుడు మెస్ బందు అయింది, నీళ్లు, కరెంటు, ఇంటర్‌నెట్ కూడ ఆపిండ్రని విద్యార్థులు చెప్పిండ్రు. 2023 జనవరిల ఢిల్లీ జేఎన్‌యూల బీబీసీ డాక్యుమెంటరీ చూద్దామని పిల్లలు జమైన రాత్రి కరెంటు పోయింది, నెట్టు పోయింది. వాళ్లు ఫోన్లల్ల చూసిండ్రు. అందుకనే నెట్టు ఎప్పుడు ఆపొచ్చు, ఎవరు ఆపొచ్చు, మన లాగిన్ల లెక్క ఎవరు చూస్తరు అనేది కాగితం మీద రాసి ఉండాలె. ఎవరో ఒక సారుకు కోపమొస్తే ఆగిపోయేటట్టు ఉండొద్దు.

"నెట్టు ఇస్తే రీల్స్ చూస్తరు" అంటరు. చూస్తరు. నేను కూడ చూస్త. గని రీల్స్ చూడనీకి క్యాంపస్ వైఫై అక్కర్లే, రోజుకు జీబీన్నర ఫోన్ల వస్తనే ఉన్నది. ల్యాబ్‌కు తాళం ఏస్తే ఆగేది రీల్స్ కాదు, ఫారాలు, థీసిస్‌లు, మాక్ టెస్టులు, కోడింగ్.

ఇంకో ముచ్చట బరువైన మనసుతోని రాస్తున్న. 2020 నవంబర్ల, కరోనా కాలంల, షాద్‌నగర్ బిడ్డ, ఢిల్లీల పేరున్న కాలేజీల చదివే అమ్మాయి ప్రాణం తీసుకున్నది. ఆన్‌లైన్ క్లాసులకు ల్యాప్‌టాప్ లేదు, రావాల్సిన స్కాలర్‌షిప్ రాలేదు, ఇంటికి భారం అవుతున్ననని కుమిలింది. ఒక మనిషి పోవుడుకు ఒక్కటే కారణం ఉంటదని నేను అనను. గని ఆ అమ్మాయికి కరువైనయి దొరకని వస్తువులా? ఈ దేశంల మూలకు పడ్డ ల్యాప్‌టాప్‌లు ఎన్ని లేవు? తమ్ముళ్లు, చెల్లెండ్లు, మనసు బరువైతే దోస్తుకు చెప్పుండ్రి, ఇంట్ల చెప్పుండ్రి, 14416కు ఫోన్ చెయ్యుండ్రి. ఫ్రీ, తెలుగుల మాట్లాడ్తరు. కంప్యూటర్ లేకపోవుడు మీ తప్పు కాదు.

ఏం జెయ్యాలె?

ముందు లెక్క అడగాలె. సమాచార హక్కు చట్టం 2005 మీ చేతుల ఉన్నది. తెల్ల కాగితం, పది రూపాయల ఫీజు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అది కూడ అక్కర్లే. యూనివర్సిటీ సమాచార అధికారికి ఐదు ప్రశ్నలు రాయుండ్రి. ఒకటి, ల్యాబ్‌లల్ల కంప్యూటర్లు ఎన్ని, ఇయ్యాల నడిచేయి ఎన్ని, తెరిచే టైము ఎంత? రెండు, బయటి నుంచి వచ్చే లైను ఎన్ని ఎంబీపీఎస్, అండ్ల హాస్టళ్లకు పోయేది ఎంత? మూడు, రిపేరు కాంట్రాక్టు ఎవరికి, ఏడాదికి ఎంత, ఎన్ని రోజులల్ల బాగు చెయ్యాలని రాసుకున్నరు? నాలుగు, ల్యాబ్ ఫీజు, ఇంటర్‌నెట్ ఫీజు పేరు మీద మూడేండ్లల్ల మా దగ్గర వసూలు చేసింది ఎంత, దేనికి ఖర్చు పెట్టిండ్రు? ఐదు, ఇన్‌ఫెడ్ లాగిన్ ఎంత మందికి ఇచ్చిండ్రు? ముప్పై రోజులల్ల జవాబు రావాలె. రాకుంటే ఆ తర్వాత ముప్పై రోజులల్ల అదే యూనివర్సిటీల పై అధికారికి మొదటి అప్పీలు.

జవాబు చేతికొచ్చినంక డిమాండ్ పెట్టుండ్రి. ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా, ఆదివారం కూడ. దానికి రెండో షిఫ్టు పోస్టు, ఆ కొలువుకు నెలనెలా జీతం. అది మన ఊరి పిల్లగానికే దొరకొచ్చు. కొనే బడ్జెట్‌తోని పాటే ఐదేండ్ల రిపేరు బడ్జెట్. ఆడపిల్లల హాస్టల్ లోపల ల్యాబ్. కంప్యూటర్ పరీక్షలకు ముందు ప్రతి ఏడు మౌస్ మీద మాక్ టెస్టులు, బయటి నిరుద్యోగులకు కూడ. ఇగ నెట్టు కమిటీల విద్యార్థులకు ఇద్దరికి జాగ. ఇందుల ఒక్కటి కూడ చందమామను అడిగినట్టు లేదు.

పెద్ద పెద్ద మాటలు నడుస్తున్నయ్ ఇప్పుడు. ఏఐ యూనివర్సిటీ, ఏఐ సిటీ, ఏఐ ల్యాబ్. రానియ్యుండ్రి, మంచిదే. గని ఉన్న ల్యాబ్ తాళం తియ్యనోళ్లు కొత్త ల్యాబ్ కడితే, ఇంకో తాళం కొంటరు, అంతే.

ఆ రాత్రి నేను బస్సు ఎక్కేముందు మెట్ల మీదున్న చెల్లెకు ఫోన్ చేసి అడిగిన, ఫారం పోయిందా అని. పదకొండింటికి పోయిందట. తెల్లారితే ఆఖరి తారీఖు. ఆమెకు పోయింది. హాస్టల్ల నిద్రపోయినోళ్లకు, ఆ మెట్ల దాకా రాలేనోళ్లకు పోయిందో లేదో ఎవరు లెక్కపెట్టిండ్రు?